కిర్రు బూటు

ఫిజియోథెరపీ చదివి బయటికొచ్చిన పిల్లకి మొదటి రోగి ఎవరంటే సొంత పిన్ని. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు గానీ అందరికీ జరిగేదే. పట్టా చేతికొచ్చిన సాయంత్రం మన పరుగులమ్మ ఇంకా గుమ్మం కూడా దాటలేదు, సోఫాలో కూర్చున్న పిన్ని కాళ్ళు బారజాపి, "ఇదుగో ఇక్కడే, మెట్లెక్కుతుంటే కలుక్కుమంటోంది" అంది. ఆవిడ వెనకాలే బాబాయి నడుం పట్టుకుని నిలబడ్డాడు. బాబాయి వెనక పక్కింటాయన, మెడ ఒక పక్కకి వాల్చుకుని.

"ఇన్నేళ్ళు చదివింది కాళ్ళు పట్టడానికా అని మాత్రం అడక్కండి, దానికి కోపమొస్తుంది" అని అమ్మ అందరినీ ముందే హెచ్చరించింది.

అలా అన్నందుకే కోపం వచ్చింది. కానీ పిన్ని మోకాలి చిప్ప మీద చెయ్యి పడగానే ఆ కోపం ఎటు పోయిందో పోయింది. "కాలు చాపు పిన్నీ. ఇప్పుడు మడువు. నొప్పి లోపలి వైపా, బయటి వైపా?" అంటూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముగ్గురి పనీ అయ్యేసరికి భోజనం చల్లారిపోయింది.

పరుగులమ్మ అనేది బడిలో తోటిపిల్లలు పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆమెకు నడవడం తెలియదు. మంచినీళ్ళు తెమ్మన్నా పరుగే, నల్లబల్ల తుడవమన్నా పరుగే. పందేల్లో ఎప్పుడూ ముందుండేది. ఒక పందెంలో మలుపు దగ్గర మోకాలు మెలితిరిగి, లోపల తెగకూడనిది తెగింది. ఒక ఫిజియోథెరపిస్టు కిందామీదా పడి ఆమెను మళ్ళీ మామూలుగా నడిపించగలిగింది గానీ, పందెం గీత దాకా తీసుకుపోలేకపోయింది. పరుగు పోయింది, పేరు మిగిలింది. ట్రాక్ మీద చోటు లేకపోతే ట్రాక్ పక్కనైనా ఉంటాను, పడిపోయిన పిల్లల దగ్గరికి అందరికంటే ముందు నేనే చేరతాను అని అప్పుడే అనుకుంది. ఈ చదువులో చేరింది అందుకు. ఇంట్లోవాళ్ళు మాత్రం డాక్టరు సీటు రాక చేరిందని చుట్టాలకు చెప్పి తృప్తిపడ్డారు.

ఆమెతో చదివినవాళ్ళు తలా ఒక దారి పట్టారు. అందరికంటే పొడుగ్గా ఉండేవాడు సొంత క్లినిక్ పెట్టాడు. రోగులకంటే ముందు బోర్డు వచ్చింది, దాని మీద వాడి పేరు వాడికన్నా పొడుగు. పుస్తకం వదలని పిల్ల పైచదువుకు పోయింది, రేపో మాపో పాఠాలు చెబుతుంది. ఇంకొకమ్మాయి చిన్నపిల్లల ఆస్పత్రిలో చేరి, నడక రాని పిల్లలతో పాటు తనూ పాకుతూ ప్యాంటు మోకాళ్ళు చింపుకుంటోంది. ఒకడు సంచీ తగిలించుకుని స్కూటర్ మీద ఇంటింటికీ తిరుగుతున్నాడు, వీధికుక్కలన్నీ వాడికి నేస్తాలు. మాటకారి ఒకడున్నాడు, వాడు మనుషుల కాళ్ళూ చేతులూ వదిలేసి వాటికి కరెంటు పెట్టే యంత్రాలు అమ్మే కంపెనీలో దూరాడు. అందరిలోకీ వాడి చొక్కానే ఇస్త్రీ నలగకుండా ఉంటుంది.

పరుగులమ్మ మాత్రం పరుగు జట్టు కోచ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె ఉత్సాహం చూసి నవ్వి, "ముందు ఎక్కడైనా పనిచేసి రామ్మా" అన్నాడు. అనుభవం ఉంటే గానీ ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఇస్తే గానీ అనుభవం రాదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్న సామెత పుట్టింది ఇలాంటివాళ్ళ కోసమే.

అలా ఆమె పెద్దాస్పత్రిలో, పక్షవాతం వచ్చినవాళ్ళను తిరిగి నడిపించే విభాగంలో చేరింది. పొడవాటి హాలు. ఒక పక్క నిలువెత్తు అద్దం, దాని ముందు పట్టుకుని నడవడానికి రెండు కడ్డీలు. మూల నాలుగు చెక్క మెట్లు, ఎక్కి అటువైపు దిగడానికి తప్ప ఎక్కడికీ తీసుకుపోవు. ఆ మెట్లు ఎక్కినవాడికి మాత్రం కొండెక్కినంత గొప్ప. గెలుపంటే గడియారంతో కొలిచేదని నమ్మిన పిల్ల, ఒక పెద్దాయన మంచం మీంచి లేచి పక్కనున్న కుర్చీలో కూర్చోవడానికి ఒక పూటంతా పడుతుందనీ, అదీ గెలుపేననీ అక్కడ నేర్చుకుంది.

ఆ హాలుకు పెద్ద అయినావిడను ఎదురుగా అందరూ మేడమ్ అంటారు, వెనకాల పెద్దమ్మ అంటారు. ఆవిడ ఎప్పుడు చూసినా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు అబ్బో ఎంత గర్వమో అనుకుంటారు. పరుగులమ్మా అలాగే అనుకుంది. మొదటి వారంలోనే ఒకాయన కాస్త తూలగానే గబుక్కున వెళ్ళి రెండు చేతులతో వాటేసుకుంది. పెద్దమ్మ ఆమెను పక్కకి పిలిచింది.

"ఆయన పడిపోతున్నాడా, తూలుతున్నాడా?"

"తూలుతున్నాడు మేడమ్."

"తూలనీ. తూలితేనే నిలదొక్కుకోవడం వస్తుంది. పడేటప్పుడు పట్టుకోవడం ఎవరైనా చేస్తారు. పడనప్పుడు పట్టుకోకుండా ఉండటం నేర్చుకో. నాకు ఇంతవరకూ రాలేదు, అందుకే చేతులు కట్టేసుకుంటాను."

అంతకుముందు గర్వం అనుకున్నది జాలి అని తెలిసి పరుగులమ్మకు ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ ప్రేమ బయటికి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఇక బూటు సంగతి. పరుగులమ్మ తెల్లబూట్లలో కుడిది కొన్న వారానికే కిర్రుమనడం మొదలుపెట్టింది. నూనె రాసింది, పౌడరు చల్లింది, ఎండలో పెట్టింది. కుక్క తోక వంకరన్నట్టు అది దాని దారినే పోయింది. హాల్లో ఆమె కనబడకముందే కిర్రు వినబడేది. నాలుగు రోజులు నవ్వుకున్నారు, అయిదో రోజు నుంచి ఎవరికీ వినిపించలేదు. గడియారం చప్పుడు వింటూ ఎవరు కూర్చుంటారు?

ఆ రోజుల్లోనే డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ఒక పెద్ద బడిలో పిల్లలచేత కవాతు చేయించి, చేయించి రిటైరైన మనిషి. ఆయన "ఎడమ, కుడి" అంటే మూడు వీధుల అవతల దారిన పోయేవాళ్ళ కాళ్ళు కూడా సర్దుకునేవని ఆయన భార్య చెప్పింది. పక్షవాతం ఆయన కుడి కాలినీ కుడి చేతినీ పట్టుకుంది, పోతూ పోతూ నాలుకను కూడా కాస్త మెలిపెట్టింది. మాట ముద్దగా వచ్చేది. ఒకసారి వార్డులో ఆయన నీళ్ళడిగితే నర్సు అర్థంకాక మళ్ళీ అడిగింది. అంతే, మాస్టారు నోరు కట్టేసుకున్నాడు. ఆ రోజు నుంచి తలాడించడమే, కనుబొమ్మలెత్తడమే. ఇద్దరి మాటలూ భార్యే మాట్లాడేది. ఆవిడ మాస్టారి భుజం దాకా కూడా రాదు గానీ, మాటల్లో ఆయన్ని ఎత్తుకుని తిరిగేది.

"మాది రెండో అంతస్తమ్మా, లిఫ్టు లేదు. ఈయన నడిచి మెట్లెక్కితే ఇంటికి. లేకపోతే ఆ దూరాన ఉన్న వృద్ధుల సదనంలో చేర్చమంటున్నారు. నేనేమైనా ఈయన్ని భుజానేసుకుని ఎక్కగలనా చెప్పు!"

"మీకు ఆ అవసరం రాదు పిన్నిగారూ" అంది పరుగులమ్మ. ఆ వృత్తిలో ఇవ్వకూడని మాట అది. ఇచ్చేసింది.

ఇచ్చినందుకు ప్రాణం పెట్టింది. కడ్డీల మధ్య నిలబెట్టింది, ఎడమ చేతికి కర్ర ఇచ్చింది, ఆయనకు కుడి పక్కన అరడుగు వెనకగా నిలబడి అడుగు వేయించింది. మాస్టారు కాలు మొండిగా నేలకంటుకుని ఉండేది. ఒకనాడు ఏమైందో లేచింది. ఆ మర్నాడు మళ్ళీ లేచింది. తరవాత కడ్డీలు వదిలాడు, అద్దం దాటాడు, హాలు చివర తలుపు దాకా వెళ్ళాడు. చెక్క మెట్లెక్కి దిగాడు కూడా. మాస్టారి భార్య తెచ్చిన పండులో సగం ఇప్పుడు పరుగులమ్మకే. ఆయన నోటితో ఏమీ అనడు గానీ, ఆమె రాగానే దువ్వుకున్న జుట్టు మళ్ళీ దువ్వుకునేవాడు. తండ్రీకూతుళ్ళలా ఉన్నారని వార్డంతా మురిసిపోయింది. పెద్దమ్మ కూడా ఒకసారి "ఊఁ" అంది. ఆవిడ నోట్లోంచి అది సన్మానపత్రం.

సరిగ్గా అప్పుడే కోచ్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మా ఫిజియో వెళ్ళిపోతున్నాడు. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున్నే జట్టు బస్సు బయల్దేరుతుంది. ఆ బస్సులో ఉంటావా?"

"ఉంటానండీ" అన్నాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. మాస్టారు ఎలాగూ అప్పటికి ఇంటికెళ్ళిపోతారు. అంతా కుదిరిందనుకుంది.

ఇంట్లో సంబరం. పిన్ని తన మోకాలికి ఇక దిక్కెవరని రాగం తీసింది. అమ్మ ఆ సాయంత్రమే బజారుకెళ్ళి మెత్తటి కొత్త బూట్లు తెచ్చింది. "ఆ కిర్రు బూట్లతో జట్టులోకి వెళ్తే పరువు పోతుంది. ఇవి ఇప్పట్నుంచే తొడుక్కుంటే కాలికి అలవాటవుతాయి" అంది. మర్నాడు పరుగులమ్మ పిల్లిలా చప్పుడు లేకుండా హాల్లోకి అడుగుపెట్టింది. పాతవి ఒక సంచిలో పెట్టి తన అలమరాలో పడేసింది.

మాస్టారు లేచి నిలబడ్డాడు. కర్ర సర్దుకున్నాడు. ఆమె కుడి పక్కన తన చోట్లో నిలబడింది. "వెళ్దామా మాస్టారూ?"

మాస్టారు కదల్లేదు.

ఎడమ కాలు వేశాడు, కుడి కాలు రాలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నుదుటి మీద చెమట పట్టింది.  మళ్ళీ పక్షవాతం కొట్టిందేమోనని పరుగులమ్మ ఆయన్ని కూర్చోబెట్టి రక్తపోటు చూసింది, చెయ్యి పిండి చూసింది, కాలు ఎత్తమంది. కూర్చుంటే కాలు బ్రహ్మాండంగా లేచింది. డాక్టరు పరుగున వచ్చి, అంతా పరీక్షించి, "బాగానే ఉన్నారే" అని వెళ్ళిపోయాడు. ఆ రోజూ నడవలేదు, మర్నాడూ నడవలేదు. వేరే థెరపిస్టు వచ్చి పక్కన నిలబడ్డా అంతే. ఆమె వెళ్ళిపోతోందని తెలిసి బెంగపెట్టుకున్నాడని మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుంది. వార్డంతా అదే అంది. పరుగులమ్మ కూడా నమ్మింది. నమ్మడం ఆమెకు కొంచెం ఇష్టంగా కూడా ఉంది, పాపం.

పెద్దమ్మ ఒక్కతే నమ్మలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది.

"రెండు రోజుల్నుంచీ ఈ హాల్లో ఏదో తక్కువైంది. ఏంటా అని వింటున్నాను. నీ బూటు ఏదీ?"

"అలమరాలో ఉంది మేడమ్."

"తొడుక్కుని రా."

తొడుక్కొచ్చింది. మాస్టారి పక్కన నిలబడి ఒక్కడుగు వేసింది. కిర్రు. మాస్టారి కుడి కాలు లేచింది. కిర్రు. లేచింది. తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చారు. మాస్టారి భార్య చప్పట్లు కొట్టింది. పరుగులమ్మకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించలేదు.

"ఆయనకి నడక నేర్పాననుకున్నావు. బూటు చప్పుడు నేర్పావు" అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "చప్పుడుకి అడుగు వెయ్యడం తేలిక. ఒక్కోసారి మనమే కావాలని వాడతాం. కావాలని మొదలుపెట్టినవాళ్ళకి ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. నువ్వు మొదలుపెట్టినట్టు నీకే తెలీదు కదా."

మాస్టారు ఇదంతా విన్నాడు. ఆమె బూటు వంక చూశాడు, తన కాలు వంక చూశాడు. ఇన్నాళ్ళూ తను నడుస్తున్నాననుకుంటే తనను ఒక బూటు నడిపిస్తోందన్నమాట. మొహం ఎర్రబడింది. కుర్చీలో కూర్చుని గోడవైపు తిరిగాడు.

మాస్టారి భార్యకు ఇందులో పెద్ద చిక్కేమీ కనబడలేదు. "ఆ బూట్లు నాకిచ్చెయ్యమ్మా, ఇంట్లో నేనే వేసుకుని తిరుగుతాను" అని అప్పటికప్పుడు కాళ్ళు దూర్చి హాలంతా చకచకా తిరిగింది. ఆవిడ పిట్ట బరువుకి బూటు కిక్కురుమనలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక పరుగులమ్మ రెండూ చేసింది.

చప్పట్లు కొట్టి చూశారు. ఫోన్లో టిక్కుటిక్కుమనేది పెట్టి చూశారు. మాస్టారు చాలా రోజుల తరవాత నోరు తెరిచి, "నేను... గాడిదనా?" అన్నాడు. ముద్దముద్దగానే అన్నాడు గానీ అందరికీ స్పష్టంగా అర్థమైంది.

సోమవారం దగ్గరపడుతోంది. పరుగులమ్మ తిండి సరిగ్గా తినలేదు. ఆగిపోతే బస్సు పోతుంది, చిన్నప్పట్నుంచీ పెంచుకున్న కోరిక పోతుంది. వెళ్ళిపోతే ఒక మనిషి తన ఇంటి మెట్లు మళ్ళీ ఎక్కడు. ముందుకి పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. చివరికి తెగించి పెద్దమ్మ గది తలుపు తట్టింది.

"కోచ్‌కి రానని చెప్పేస్తాను మేడమ్. మాస్టారికి మాటిచ్చాను."

"చెప్పెయ్. రేపు కూడా ఆయన నీ బూటు కోసమే చూస్తాడు. ఎల్లుండి కూడా. నువ్వుండి ఆయనకేం ఒరిగింది?" పెద్దమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బాగుపడ్డ మనిషి మనతో అనాల్సిన మాట ఒక్కటే ఉంటుంది. ఇక అక్కర్లేదు అని. ఆ మాట పడటానికే మనం చదువుకున్నాం. నువ్వు ఏ జట్టుకెళ్ళినా, ఏ క్లినిక్ పెట్టినా, అక్కడా ఇదే. ఆ మాట వినకుండా ఎక్కడికీ పోకు. వినాల్సొస్తుందని భయపడి ఇక్కడే ఉండిపోకు."

"వినేటప్పుడు బాధగా ఉండదా మేడమ్?"

"ఉండదని ఎవరన్నారు?"

మర్నాడు హాల్లో కూర్చుని చేసే వ్యాయామాలు జరుగుతున్నాయి. కొత్తగా వచ్చిన శిక్షణ పిల్ల ఒకతె అందరిచేతా చేతులెత్తిస్తూ లెక్క తప్పింది. ఒకటి, రెండు అని, మళ్ళీ రెండు అని, ఆగి, ఎక్కడున్నానో మర్చిపోయింది. పరుగులమ్మ దిగాలుగా గోడకానుకుని చూస్తోంది. ఆమె చూపు మాస్టారి మీద పడింది. కుర్చీలో ఉన్న మాస్టారి పళ్ళు బిగుసుకున్నాయి. ఎడమ చేతి వేళ్ళు కుర్చీ చేతి మీద కొడుతున్నాయి. తప్పకుండా, తొణక్కుండా, అచ్చం కవాతులా. ఆ పిల్ల మళ్ళీ తప్పింది. మాస్టారి వేళ్ళు ఇంకా గట్టిగా కొట్టాయి.

పరుగులమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. లయ ఆయన లోపల చెక్కుచెదరకుండా ఉంది! బయటికి రానిది గొంతు. ముద్దమాట నలుగురూ వింటారని సిగ్గుపడి మూసుకున్న ఆ గొంతు కోసమే, ఇన్నాళ్ళూ ఒక బూటు అరిచి చచ్చింది.

వ్యాయామాలయ్యాక మాస్టారిని లేపి నిలబెట్టింది. తను ఆయన పక్కన నిలబడలేదు. వేరే థెరపిస్టును అక్కడ పెట్టి, కొత్త బూట్లతో నాలుగు బారల దూరం వెళ్ళి ఎదురుగా నిలబడింది. సెల్యూట్ కొట్టి, బడిలో ఏ డ్రిల్లు మాస్టారూ క్షమించని పని మొదలుపెట్టింది. "ఎడమ" అంటూ కుడి కాలు లేపింది. "కుడి" అంటూ మళ్ళీ కుడి కాలే లేపింది. ఏ కాలు లేస్తే ఆ చెయ్యే ఊపింది. మధ్యలో ఆగి తల గోక్కుని, "కుడి, కుడి, ఎడమ" అంటూ కాళ్ళీడ్చింది.

మాస్టారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకా అధ్వానంగా చేసింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి గానీ పెదవి విడలేదు.

అప్పుడు జరిగిందాన్ని ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్దమ్మ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది. వచ్చి పరుగులమ్మ పక్కన నిలబడింది. ఆ వయసులో, ఆ హోదాలో, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, రెండు చేతులూ ఒకేసారి ముందుకి ఊపుతూ, ఒంటికాలి మీద గెంతింది.

"కాదూ!"

హాలంతా ఉలిక్కిపడింది. అది మాస్టారి గొంతు.

"ఎదమ!" అన్నాడు. డ కాస్తా ద అయింది, చివర్న కొంచెం నీరు కూడా జారింది. ఆయన చూసుకోలేదు. "ఎదమ! కుదీ! ఎవరు... నేర్పారు మీకు? ఎదమ!" అంటూ వాళ్ళ మీదికి వచ్చాడు. అవును, వచ్చాడు. కుడి అన్నప్పుడు కుడి కాలు లేచింది. ఎడమ అన్నప్పుడు ఎడమది. పక్కనున్న థెరపిస్టు ఆయన్ని అందుకోవడానికి వెంటపడాల్సి వచ్చింది. పరుగులమ్మ, పెద్దమ్మ వెనక్కి వెనక్కి నడుస్తూ తప్పులు చేస్తూనే ఉన్నారు, ఆయన తిడుతూ తిడుతూ తలుపు దాకా వచ్చేశాడు. తలుపు తగిలాక గానీ ఆగలేదు. ఆగాక తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తరవాత ఆమె బూట్ల వంక. అవి కొత్తవి.

 పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకుని, తనకేమీ సంబంధం లేనట్టు వెళ్ళిపోయింది. మాస్టారి భార్య మాత్రం పండు కొయ్యడం మర్చిపోయి కత్తి పట్టుకునే ఏడ్చింది.

ఆ తరవాత హాల్లో చెవులు గింగుర్లెత్తాయి. తాళం తీసిన గొంతు మళ్ళీ మూతపడనంది. మాస్టారు తన అడుగుకి తానే ఆజ్ఞ ఇచ్చుకుంటూ నడిచాడు, చెక్క మెట్లెక్కాడు. శిక్షణ పిల్లకు లెక్కపెట్టడం కూడా నేర్పాడు. శుక్రవారం ఆయన్ని ఇంటికి పంపించారు. మాస్టారి భార్య అందరి దగ్గరా సెలవు తీసుకుని, పరుగులమ్మ ఇంటి గుర్తులు కూడా అడిగి పెట్టుకుంది.

వెళ్ళే ముందు ఒక చిన్న పని చేశాడు. అలమరాలో ఉన్న పాత బూట్ల సంచి తెమ్మని భార్యకు సైగ చేశాడు.

"ఎందుకు మాస్టారూ అవి?" అంది పరుగులమ్మ.

"ఉండనీ" అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆ ఒక్క మాటతో ఆమె సంతోషం సగానికి పడింది. హాల్లో నున్నటి నేల. ఇంటి దగ్గర గుంటల వీధి, ఇరుకు మెట్లు, వచ్చేపోయే జనం. అక్కడ గొంతు మళ్ళీ సిగ్గుపడితే? ఆయన మనసులో కూడా అదే భయం ఉంది, అందుకే బూట్లు అడిగాడు. శనివారం, ఆదివారం ఆమె పెట్టె సర్దుతూనే ఉంది, మళ్ళీ విప్పుతూనే ఉంది. ఫోన్ చేసి అడగాలనిపించింది. ఫోన్ చేస్తే అదీ ఒక కిర్రే కదా అని మానుకుంది.

సోమవారం తెల్లారింది. అమ్మ పెట్టె గుమ్మం దగ్గర పెట్టింది. పిన్ని పొద్దున్నే దిగి, "పోయేలోపు ఒక్కసారి ఈ మోకాలు చూసిపోవే" అని కాలు చాపింది. పరుగులమ్మ వంగి బూటు తాడు కట్టుకుంటోంది. అప్పుడు వినబడింది.

కింద ఎక్కడో, వాళ్ళ మేడ మెట్ల దగ్గర.

"ఎదమ..." ఆగి, "కుదీ."

పరుగులమ్మ తాడు సగంలో వదిలేసింది.

"ఎదమ... కుదీ." గొంతు ఒక మలుపు ఎక్కింది. కర్ర టక్కుమంది. వెనకాలే మాస్టారి భార్య, "మెల్లగా, మెల్లగా, ఎవరూ తరమడం లేదు!" అంటోంది. కింద వాటా తలుపు తెరుచుకుంది, ఎవరో తొంగిచూసినట్టున్నారు. గొంతు ఆగింది. పరుగులమ్మ ఊపిరి కూడా ఆగింది. ఆ ముద్దమాట కొత్తవాళ్ళ ముందు, వాళ్ళు చూస్తుండగా...

"కుదీ!" అంది గొంతు, ముందుకంటే గట్టిగా.

ఆమె పరుగున వెళ్ళి మెట్ల పైన నిలబడింది. మాస్టారు ఆఖరి వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, కర్ర పట్టుకున్న ఎడమ చేతి మణికట్టుకి వేలాడుతూ సంచి. ఇంకా రెండు మెట్లున్నాయనగా ఆయన కాస్త తూలాడు. ఆమె చేతులు వాటంతట అవే ముందుకి లేచాయి. పడుతున్నాడా, తూలుతున్నాడా? తూలుతున్నాడు. చేతులు రెండూ వెనక్కి తీసుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో గట్టిగా పట్టుకుంది. మాస్టారు నిలదొక్కుకున్నాడు. ఒక మెట్టెక్కాడు. ఆఖరి మెట్టు మీద కాలు పెట్టి, మణికట్టు కొద్దిగా పైకెత్తి సంచి చూపించాడు. లోపల తెల్లబూట్లు.

"ఇక..." నాలుక తిరగడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. "ఇక... అక్కర్లేదు."

మాస్టారి భార్య కింది మెట్టు మీంచి ఏదో అంటోంది, అమ్మ లోపలికి రమ్మంటోంది, పిన్ని ఎవరొచ్చారని అడుగుతోంది. పరుగులమ్మకు కళ్ళూ ముక్కూ ఏకమై కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. మాస్టారు ఇంకా మెట్టు దాటలేదు. దాటేదాకా అలాగే నిలబడింది.